మూడోవాడు

పేరు చెప్పగానే అద్దె ఇంటి గేటు మూసుకోవడం మాకు తెలుసు. పేరు సగం మింగి బతికినవాళ్లం. అందుకే న్యూయార్క్‌లో జోనథన్ డేవిస్ అనే నల్లజాతి యువకుడు కోరి కమాల్ ఫరీద్ అయ్యాడంటే మా ఛాతీ పొంగింది.

అతనే క్యూ-టిప్. గుంపు పేరు 'ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్'. 1996లో వాళ్ల నాలుగో ఆల్బమ్ 'బీట్స్, రైమ్స్ అండ్ లైఫ్' వచ్చింది. అమెరికా అమ్మకాల పట్టికలో మొదటిస్థానం ఎక్కింది. అయినా, 1991, 1993లలో వచ్చిన ఆల్బమ్‌ల ముందు దిగదుడుపన్నారు. మునుపటి హుషారేదీ అన్నారు. మాకు ఆ దిగులే దగ్గరైంది. బీట్లు కట్టింది క్యూ-టిప్, అలీ షహీద్ ముహమ్మద్, డెట్రాయిట్ కుర్రాడు జే డీ. తమ జట్టుకు పెట్టుకున్న పేరు 'ది ఉమ్మా'!

గుంపులో మూడోవాడు ఫైఫ్. క్యూ-టిప్‌కు చిన్ననాటి దోస్తు. దీన్‌లోకి రాలేదు. అట్లాంటాకు మకాం మార్చాడు. ఆ ఆల్బమ్ నాటికే తమ మధ్య పొత్తు చెడిందని తర్వాత చెప్పుకున్నాడు. 1998లో గుంపు విడిపోయింది. మళ్లీ కలిసి ఆఖరి ఆల్బమ్ చేస్తుండగా, 2016లో షుగర్ జబ్బు అతన్ని తీసుకుపోయింది.

ఆ పాటలు వింటుంటే మా దూదేకుల దోస్తు గుర్తొస్తాడు. ఫైఫ్‌ది వేరే మజ్‌హబ్. మావాడిది మాదే. అయినా ఉర్దూ రాదని, ఇంట్లో తెలుగే మాట్లాడతారని, 'నువ్వేం సాయిబువిరా' అని నవ్వాం. గేటు మూసినవాడి మీద కోపం దాచుకున్నాం. మా దర్వాజా మేం మూసింది మరిచాం.

ఉమ్మా అని నోరారా అనాలంటే ముందు వాణ్ణి పిలవాలి. తెలుగులోనే. మేం రాసుకుంటున్నదీ అందులోనే కదా.