ఆల్చిప్పని నమ్మే ముందు

జూన్ 9, మదనపల్లె

ఊరి చుట్టూ ఎటు చూసినా గ్రానైట్, నైస్ బండలే. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి, అంతకన్నా పాతవి. అప్పటికి గుల్ల కట్టుకునే జీవే భూమ్మీద లేదు. అందుకే నా బల్ల మీదున్న ఆల్చిప్ప రాజమండ్రి దగ్గర పంగిడి క్వారీ నుంచి రావలసి వచ్చింది. అక్కడ లావా పొరల కిందా, మధ్యా సముద్రపు గుల్లలున్న సున్నపురాయి ఉంది. డైనోసార్లు అంతరించిన రోజులకు అటూఇటూ, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటిది. అప్పటి మన తీరపు సముద్రం ఎంత వెచ్చగా ఉండేదో ఈ చిప్ప చెప్పగలదా?

జూన్ 10

దారి చూపినవాడు రసాయన శాస్త్రవేత్త హెరాల్డ్ యూరీ, 1947లో. గుల్ల పెరిగేటప్పుడు నీరు చల్లగా ఉంటే బరువైన ఆక్సిజన్-18 అందులో కాస్త ఎక్కువగా చేరుతుంది, వెచ్చగా ఉంటే తక్కువగా. వెయ్యిలో ఒక వంతు తేడా వస్తే దాదాపు 4 డిగ్రీలు మారినట్టు. తేడాలు కొలవడానికి ప్రమాణంగా పెట్టుకున్నదీ ఒక శిలాజమే: అమెరికాలో దక్షిణ కరోలినాకు చెందిన పీడీ శిలల్లోని బెలెమ్నైట్, అంటే స్క్విడ్ లాంటి ఓ అంతరించిన జీవి గట్టి భాగం. ఇంత సన్నని లెక్కలో గుల్ల తర్వాతి కాలంలో ఏ కొంచెం మారినా, డిగ్రీలకు డిగ్రీలే తప్పిపోతాయి.

జూన్ 14, పుంగనూరు

పల్లెలో ఒక రైతు ఇంట బోరు నీళ్లు కాచే గిన్నె చూశాను. అడుగున తెల్లటి పెచ్చు, గోటితో గీకినా రాలేదు. "ఎంత తోమినా పోదు సార్, వారం తిరిగేలోపు మళ్లీ కడతాది" అంది ఆ ఇల్లాలు. నేలలోని సున్నాన్ని కరిగించుకొచ్చిన నీరు దాన్ని గిన్నెలో దించింది. రాతి లోపల లక్షల ఏళ్లు జరిగేదీ ఇదే. నీరు పాత గుల్లను రవ్వరవ్వగా కరిగిస్తుంది, ఆ చోటే కాల్షియం కార్బొనేట్ స్ఫటికమైన కొత్త కాల్సైట్‌ను పేరుస్తుంది. కొత్త స్ఫటికంలోకి ఆ నీటి ఆక్సిజనే ఎక్కుతుంది.

వాన నీటిలో ఆక్సిజన్-18 తక్కువ. కాబట్టి నేల మీద వాన నీటితో మారిన గుల్ల, సముద్రం ఉన్నదానికన్నా వేడిగా ఉండేదని చెబుతుంది. లోతైన సముద్రం అడుగున చల్లటి నీటిలో మారినది, చల్లగా ఉండేదని చెబుతుంది.

జూన్ 15

చిప్ప అంచు విరిచి లెన్సుతో చూశాను. ఒక పక్క పలచని రేకులు ఒకదానిపై ఒకటి, వెలుగులో తిప్పితే మెరుపు. కీలు వైపు రేకులే లేవు, పంచదార పలుకుల్లాంటి స్ఫటికాలు. పైనున్న గీతలు మాత్రం రెండు చోట్లా చెక్కుచెదరలేదు. ఆకారం నిలిచినంత మాత్రాన లోపలి రసాయనం నిలిచినట్టు కాదు.

ఆల్చిప్పది చాలావరకు కాల్సైట్, తట్టుకుంటుంది. టరిటెల్లా నత్తది ఆరగొనైట్, అదే పదార్థపు మరో స్ఫటిక రూపం. అది తేలిగ్గా కాల్సైట్‌గా మారుతుంది, లేదా పూర్తిగా కరిగి రాతిలో అచ్చు మాత్రమే మిగులుతుంది. మారిన కాల్సైట్‌లో సాధారణంగా స్ట్రాన్షియం తగ్గి మాంగనీస్ పెరుగుతుంది. ఎలక్ట్రాన్ పుంజం పడితే ఆ మాంగనీస్ నారింజ రంగులో వెలుగుతుంది. చాలాసార్లు చీకటిగా ఉండిపోయిన భాగమే పనికొచ్చే భాగం.

జూన్ 21, కుప్పం

ఇక్కడా గుల్లలు లేవు. దక్షిణాన సుమారు 200 కిలోమీటర్లు వెళితే తమిళనాడులో అరియలూరు ప్రాంతం; క్రిటేషియస్ సముద్రపు నిక్షేపాలు, కారై బంకమట్టిలో బెలెమ్నైట్లు. బంకమట్టి అంటే ఆశ పుడుతుంది, నీటిని అంత సులువుగా పారనివ్వదు.

టాంజానియాలో తేలిందీ అదే. బంకమట్టిలో గాజులా నిలిచిన ఫొరామినిఫెరా అనే సూక్ష్మ సముద్ర జీవుల గుల్లలను పాల్ పియర్సన్ బృందం కొలిచి 2001లో ప్రకటించింది. అంతకుముందు ప్రాచీన ఉష్ణమండల సముద్రాలకు 15 నుంచి 23 డిగ్రీలే అన్న అంచనాలుండేవి. వీటిలో కనీసం 28 నుంచి 32 డిగ్రీలు తేలింది. అంతకుముందు కొలిచిన గుల్లలు సముద్రం అడుగున మారిపోయి చల్లగా చెప్పాయన్నమాట.

జూన్ 22

మనది ఉష్ణమండలం. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఇక్కడ ఎంత వేడెక్కుతుందో అంచనా వేసే మోడళ్లను గతంతోనే సరిచూస్తారు. ఆ గతం ఇలా చల్లగా చెప్పే మారిన గుల్లల మీద నిలబడితే మన ముప్పు తక్కువగా కనబడుతుంది. అందుకే విద్యార్థులకు గట్టిగా చెబుతున్నాను: గుల్లతోపాటు చుట్టూ ఉన్న మట్టినీ తీసుకురండి. సగం ముక్క దాచి ఉంచండి. పరీక్షలో పోయిన గుల్లల కొలతల్నీ నిలిచినవాటి పక్కనే అచ్చువేయండి. ఉష్ణోగ్రత అంకె ఆ తర్వాతే.