మా గేటు, నేను పెట్టిన బగ్గు

ఫిబ్రవరిలో ఓ వారం ఇంటి నుంచి పని చేసుకుంటానని మేనేజరుని ఒప్పించి సత్తెనపల్లి వెళ్ళాను. నడికుడి మీదుగా వచ్చే బండి దిగి తెల్లారుజామున ఇంటికి చేరితే గేటు రాలేదు. తాళం వేసుందేమో అనుకోకండి, గడియ తీశాను, తోశాను, అయినా కదల్లేదు. లోపల్నుంచి అమ్మ వచ్చింది. "ఉండు నాన్నా, దానికో పద్ధతుంది" అని కుడిపాదం గేటు కింద దూర్చి, రెండు చేతులతో కమ్మీలు పట్టుకుని పైకెత్తి లాగింది. అప్పుడు తెరుచుకుంది.

ఈ పద్ధతి నాలుగేళ్ళ నుంచి నడుస్తోందిట! నేను పండగలకి కారులో వచ్చేవాడిని, నాన్న ముందే తెరిచి ఉంచేవారు. అందుకే నాకు తెలీలేదు.

గేటు చివర కిందకి జారి గచ్చుకి రాసుకుంటుంటే మొదట్లో నాన్న మేస్త్రీని పిలిపించారు. ఆయనేం చేశాడంటే, గచ్చుని చెక్కాడు. అవును, గేటుని పైకెత్తలేదు, నేలని కిందకి దింపాడు. ఏడాదికి మళ్ళీ జారింది, మళ్ళీ చెక్కాడు. ఇప్పుడు మా వాకిట్లో పావు వృత్తం ఆకారంలో ఓ గాడి ఉంది, వానొస్తే నీళ్ళు నిలుస్తాయి. మన భాషలో చెప్పాలంటే, టెస్టు ఫెయిలవుతోందని టెస్టునే మార్చేశారన్నమాట :)

"పాతదైపోయింది, కొత్తది చేయిద్దాం" అన్నాను. జీతం వచ్చేవాడికి ముందు తట్టే పరిష్కారం అదే కదా. "ఇనుము బాగానే ఉందిగదరా" అన్నారు నాన్న. సరే, వెల్డింగ్ షాపతన్ని పిలిచాం. నా వయసే ఉంటుంది. వచ్చినవాడు జారిన వైపు చూడనే లేదు. స్తంభం దగ్గరికెళ్ళి పై బందు పక్కన సుత్తితో రెండుసార్లు తట్టాడు. డొల్లగా మోగింది. "గేటుకేం కాలేదన్నా, పోయింది ఇక్కడ" అన్నాడు.

ఆ రాత్రి కాగితం మీద లెక్కేసుకున్నాను. గేటు రెక్క వెడల్పు 5 అడుగులు, బరువు 50 కిలోలనుకుందాం. ఆ బరువంతా మధ్యలో, అంటే బందులకి రెండున్నర అడుగుల దూరంలో ఉన్నట్టు లెక్క. రెండు బందుల మధ్య ఎడం 4 అడుగులు. అంటే పై బందుని సుమారు 31 కిలోల బలం స్తంభంలోంచి బయటికి లాగుతుంటుంది, కింది బందుని అంతే బలం స్తంభంలోకి నెడుతుంటుంది. రాత్రీ పగలూ, గేటు ఊరికే ఉన్నా సరే. అందుకే ముందుగా వదులయ్యేది పైదే. ఆ సందులోంచి వాననీళ్ళు దిగుతాయి, ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా రెండింతల పైనే చోటు ఆక్రమిస్తుంది. దాంతో చుట్టూ ఉన్న సిమెంటు పగులుతుంది, ఇంకా నీళ్ళు దిగుతాయి.

మరి మొదట వదులు చేసిందెవరు? చిన్నప్పుడు బడి నుంచి రాగానే గేటు చివర ఎక్కి ఊగటం నా దినచర్య. 30 కిలోల పిల్లాడు 5 అడుగుల దూరాన వేలాడితే పై బందు మీద ఇంకో 37 కిలోలు పడుతుంది. అంటే గేటు సొంత లాగుడు కన్నా ఎక్కువే. ఆ బగ్గు పెట్టింది నేనే, అదీ ఇరవయ్యేళ్ళ కిందట!

మర్నాడు రెక్క దింపి, స్తంభం చెక్కి, చివర చీల్చి విడదీసిన పొడుగాటి పట్టీతో కొత్త బందు పెట్టి కాంక్రీటు పోశారు. రెక్కకి కింది బందు మూల నుంచి అవతలి పై మూలకి ఏటవాలుగా ఓ కమ్మీ అతికించారు. తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ పూశాం. వారం రోజులు స్తంభం తడుపుతూ ఉండాలి, అప్పటిదాకా గేటు ఎక్కించకూడదన్నాడు.

మరి వారం పాటు వాకిలి తెరిచి ఉంచటం ఎలా? నాన్న చేలోంచి రెండు మోపుల పత్తికట్టె తెప్పించి, వెదురుబద్దలు వేసి గంటన్నరలో దడి కట్టేశారు. ఆయన చిన్నప్పుడు ప్రహరీ గోడ లేదుట, చుట్టూ ఇదే దడి. ఏటా పత్తి తీతలయ్యాక పాత దడి పొయ్యిలోకి, కొత్త కట్టె దాని చోటులోకి. దడికి ఏడాదికోసారి మరమ్మతు ఉంటుందని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇనుప గేటు పెట్టాక ఇక పనైపోయిందనుకున్నాం, అంతే తేడా.

కట్టెలు అందిస్తున్న అమ్మని మాటల్లో అడిగాను, సాయంత్రాలు రామాలయానికి వెళ్ళట్లేదేమని. "మోకాళ్ళు పట్టాక ఎత్తలేకపోతున్నాను నాన్నా. వెళ్ళేప్పుడు మీ నాన్న తీస్తారు, వచ్చేప్పుడు ఆయన లేకపోతే బయటే నిలబడాలి" అంది. మామూలుగానే అంది. నాలుగేళ్ళుగా వారానికి మూడుసార్లు ఫోన్ చేస్తూనే ఉన్నాను, "అంతా బాగేనా" అంటే "బాగే" అనేది. అబద్ధం కాదు. ఆవిడ లెక్కలో అది చెప్పుకోదగ్గ సంగతే కాదు.

కాబట్టి ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ ఇంటి గేటు మీరు తీసి చూడకండి, మీకు బలముంది. అమ్మ తీస్తుంటే పక్కన నిలబడి చూడండి.

ఎనిమిదో రోజు గేటు ఎక్కించారు. ఒక్క వేలితో తోస్తే వెళ్తోంది. ఆ సాయంత్రం అమ్మ గుడికి బయల్దేరింది. గేటు దగ్గరికెళ్ళి అలవాటు చొప్పున కుడిపాదం కిందకి దూర్చి, తనే నవ్వుకుని వెనక్కి తీసుకుంది.