బెర్లిన్‌కు గంట దూరం

బెర్లిన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు గాల్లో తిన్నగా పోతే సుమారు 430 కిలోమీటర్లు. విమానం టిక్కెట్టు మీద గంటా పది నిమిషాలని ఉంటుంది, నిజానికి గాల్లో ఉండేది గంటలోపే. రైల్లో నాలుగు గంటలు. ఇవాళైతే నా ఓటు రైలుకే. కానీ ఈ గంట ప్రయాణం కోసం ఒకప్పుడు జనం ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చారు. ఆ సంగతి తెలిశాక ఈ లెక్కల్ని మామూలుగా చూడడం నావల్ల కావడం లేదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక బెర్లిన్‌ను నాలుగు దేశాలు పంచుకున్నాయి. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌ల వాటాకు వచ్చిన పశ్చిమ బెర్లిన్ చుట్టూరా ఉన్న నేలంతా సోవియట్ల చేతిలో ఉండేది. 1945 నవంబరులో ఆ నలుగురూ ఆకాశంలో మూడు దారులకు ఒప్పుకున్నారు. ఒకటి హాంబర్గ్ వైపు, ఒకటి హానోవర్ వైపు, మూడోది ఫ్రాంక్‌ఫర్ట్ వైపు. ఒక్కోదాని వెడల్పు 32 కిలోమీటర్లు. పది వేల అడుగులు దాటి పైకి పోకూడదని సోవియట్లు పట్టుబట్టారు. జెట్ విమానానికి 30 వేల అడుగుల పైన పల్చటి గాలిలోనే సుఖం. ఇక్కడ మాత్రం దట్టమైన గాలిని చీల్చుకుంటూ, ఇంధనం తాగుతూ, మబ్బుల్లో కుదుపులు తింటూ పోవాల్సిందే. అదీ అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ విమానాలే. జర్మనీ వాళ్ల లుఫ్తాన్సాకు అప్పట్లో పశ్చిమ బెర్లిన్‌లో దిగే హక్కే ఉండేది కాదు.

1948లో సోవియట్లు నేల దారులు మూసేస్తే బొగ్గు, పిండి విమానాల్లో మోసుకొచ్చి ఊరిని బతికించిన కథ అందరూ చెప్పుకునేదే. నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తర్వాతి పదేళ్లు. బెర్లిన్ గోడ ఇంకా లేవలేదు. తూర్పు జర్మనీ వదిలిపోదలచినవాళ్లు నగరంలో లోకల్ రైలెక్కి పశ్చిమానికి వచ్చేసేవారు. పెద్ద పెట్టెలుంటే పోలీసులకు అనుమానం వస్తుందని చేతిసంచితోనే బయల్దేరేవారు. 1953 నుంచి పశ్చిమ బెర్లిన్‌లోని మారియన్‌ఫెల్డె శరణార్థుల శిబిరంలో వాళ్ల కాగితాలు పూర్తిచేసేవారు. అక్కణ్ణించి పశ్చిమ జర్మనీకి రోడ్డు మీద పోతే మళ్లీ అదే పోలీసు, అదే తనిఖీ. వాళ్ల చెయ్యి అందనిది విమానం ఒక్కటే. కాలం ఆదా చేసుకోవడానికి కాదు, ఎవరూ ఆపి దించెయ్యని దారి కావాలని ఎక్కిన విమానాలవి. యూరప్‌లో ఇంతకంటే విలువైన గంట ప్రయాణం ఇంకోటి ఉందని నేననుకోను.

వాళ్లను ఎగరేసుకుపోయిన టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం నగరం నడిబొడ్డునే ఉంది. కిలోమీటరుకు పైగా సాగే వంపు తిరిగిన భవనం. విమానం కప్పు కిందికే వచ్చి ఆగేది, వానొచ్చినా తడవకుండా ఎక్కొచ్చు. లుఫ్తాన్సా 1990 అక్టోబరులో మళ్లీ బెర్లిన్‌కు వచ్చింది. టెంపెల్‌హోఫ్ 2008లో మూతపడింది. ఇప్పుడా రన్‌వేల మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతారు, పెద్దలు గాలిపటాలు ఎగరేస్తారు. ఆ మైదానం అంచుల్లో ఇళ్లు కట్టాలని ప్రభుత్వం అనుకుంటే, 2014లో ఓటు పెట్టి బెర్లిన్ జనం వద్దన్నారు. అద్దె ఇళ్లకు కటకటగా ఉన్న ఊళ్లో అలా అనడం తేలిక కాదు. అయినా వాళ్లు చేసింది సరైన పనేనని నా నమ్మకం.