వెంట వచ్చిన అతిథి - మా కినత్తుకడవు

మా కినత్తుకడవు చూడదగిన ఊరని మేము ఎన్నడూ అనుకొనలేదు. కోయంబత్తూరు నుండి పొల్లాచ్చి పోయే బాటలో సుమారు 25 కిలోమీటర్ల దూరమున వున్నది. కొబ్బరి తోటలు, టొమాటో చేలు, కూరగాయల మార్కెట్టు, ఒక చిన్న కొండ, కొండ మీద గుడి, ఇవే మా సంపద. ఊరి నడుమ పైవంతెన కట్టిన పిమ్మట దూరపు ప్రయాణికులు మా నెత్తి మీదుగానే పోతున్నారు. అటువంటి మా ఊరికి క్రిందటి సంక్రాంతి ముందు ఒక అతిథి వచ్చి, మా ఇంటిలో ఒక పగలు గడిపి వెళ్ళినది. ఆ ముచ్చట మన సంఘ కుటుంబములకు తెలుపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

హైదరాబాదులో వున్న మా బావమరిది ఫోను చేసినాడు. “బావా, మా ఆఫీసు ఇంజనీరుగారు కోయంబత్తూరులో బట్టల మిల్లుల సదస్సుకు వస్తున్నారు. మూడు రోజులు. భార్య కూడా వస్తున్నది. ఆయన పొద్దున పోతే రాత్రికి గాని గదికి రాడు. ఆవిడకు ఊరు తెలియదు, భాష తెలియదు. కాస్త చూచుకోండి” అన్నాడు.

కోయంబత్తూరులో ఇటువంటి సదస్సులకు కొదువ లేదు. 1888లోనే ఇక్కడ నూలు మిల్లు వెలసినది. 1930ల తొలి యేండ్లలో పైకారా నుండి కరెంటు వచ్చిన తరువాత మిల్లులు వరుసగా లేచినవి. 1926లో ఏర్పడిన పి.ఎస్.జి. ధర్మసంస్థ, 1956లో ఏర్పడిన దక్షిణ భారత వస్త్ర పరిశోధనా సంఘము, వీటి వలన చదువుకొన్నవారు నిత్యమూ వస్తూ పోతూ వుంటారు. వారి వెంట భార్యలు వస్తారు. ఈ రోజులలో భార్య సదస్సులో కూర్చుంటే భర్త వెంట వచ్చే సందర్భములు కూడా కలవు. ఎవరైనా ఒకటే, వెంట వచ్చినవారిని పెట్టెతో పాటు గదిలో వుంచి తాళము వేసినట్లే అవుతున్నది.

సదస్సువారు ఆ లోపము తీర్చుటకు మొదటి రోజున ఒక బస్సు ఏర్పాటు చేసినారు. ఆ సాయంత్రము ఆమె ఫోనులో అన్నది: “అన్నయ్యగారూ, అయిదు చోట్ల దించారు. పేరూరు గుడిలో ఇరవై నిమిషాలు, చీరల కొట్లో రెండు గంటలు. ఏది ఎక్కడ చూశానో అప్పుడే కలిసిపోయింది.”

మాకు బాధ కలిగినది. నొయ్యలు నది ఒడ్డున వున్న పేరూరు పట్టీశ్వరుని గుడిలో నటరాజస్వామి కనకసభ స్తంభముల ముందు గజసంహారమూర్తి ఒక్కని చూచుటకే ఇరవై నిమిషములు చాలవు. మదుర నాయకుల కాలపు పని అది. మన పెద్దలు కొందరు ఈ సీమకు వచ్చి నిలిచిన కాలము కూడా అదే. ఆ సంగతి చెప్పేవారు లేక ఆమె రాతి బొమ్మలు చూచి వచ్చినది.

మరునాడు ఊటీ పోవలెనని ఆమెకు కోరిక. మేమే వద్దన్నాము. మేట్టుపాళయములో ఉదయము ఏడు గంటలకు పైన ఎక్కితే కొండరైలు మధ్యాహ్నమునకు ఊటీ చేరుతుంది. రైలు చూచినట్లే గాని ఊరు చూచినట్లు కాదు, రాత్రి సదస్సు విందుకు అందుకొనలేరు. మదురకు పోయి 1636 నాటి తిరుమల నాయకుని మహలు చూతునన్నది. దానికి రెండు రోజులు చేతిలో వుండవలెను. చివరకు, “మా ఊరికి రండమ్మా, మధ్యాహ్నము ఆళియారు ఆనకట్టకు తీసుకొని పోతాము” అని, ఆఫీసుకు ఒకరోజు సెలవు పెట్టినాము.

సెలవు పెట్టినాము గాని లోపల ఒక భయము వున్నది. చాలా యేండ్ల క్రిందట ఒక పెండ్లికి ఆంధ్రదేశము వెళ్ళినపుడు మా అమ్మ మాట్లాడిన తెలుగు విని పందిట్లో నలుగురు నవ్వినారు. ఒకావిడ ఆమె మాటను ఆమె ఎదుటనే అనుకరించి చూపినది. ఆనాటి నుండి అమ్మ ఆ వైపు వారి ఎదుట తెలుగు మాట్లాడటము మానుకొన్నది. ఇప్పుడు ఆమెకు 74 యేండ్లు. అతిథి వస్తున్నదని చెప్పితే, “వంట చేస్తాను, మాటలు మీరు చూసుకోండి” అన్నది.

ఉక్కడము బస్టాండులో ఆమెను ఎక్కించుకొన్నాము. ఊరిలోకి దిగే బస్సా, వంతెన మీద పోయే బస్సా అని అడిగి ఎక్కవలెను, కొత్తవారు మోసపోతారు. రైలు కూడా గలదు. 1915లో వేసిన చిన్న గేజీ పట్టాలు పోయి, 2017 నుండి పెద్ద గేజీ మీద పొల్లాచ్చి బండ్లు నడుస్తున్నవి.

మొదట మార్కెట్టు చూపినాము. టొమాటో పెట్టెలు మనిషెత్తు పేర్చి వున్నవి. కేరళ లారీలవారు మలయాళములో, రైతులు తమిళములో బేరము చేస్తున్నారు. ఒక మూల ఇద్దరు ముసలివారు తెలుగులో ధర మాట్లాడుకొంటూ వుంటే ఆమె నిలబడిపోయినది. “వీళ్ళు మనవాళ్ళా?” అని అడిగినది. “అందరము మనవాళ్ళమే, ఈ ఇద్దరు ఇంట తెలుగు మాట్లాడేవారు” అన్నాము.

ఇంటికి వచ్చినాము. అమ్మ తమిళములోనే “వాంగ” అని ఆహ్వానించి వంటింటిలోకి వెళ్ళిపోయినది. ఆమెకు తెలుగు రాదని అతిథి అనుకొన్నది. మా ఇంటావిడతో వదినా అని వరస కలుపుకొని మాట్లాడుతూ కూర్చున్నది. పన్నెండు గంటలకు పెరటిలోని మునగచెట్టు చూడబోతూ వుంటే, అమ్మ నోరు జారినది.

“ఎండ పొద్దు అమ్మిణీ, నెత్తిన కొంగేసుకో. బువ్వ తినేసి పోదువు గాని.”

అతిథి పకపక నవ్వినది. మేమిద్దరము ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నాము. అమ్మ చేతిలోని గరిటె క్రింద పెట్టి వెనుక వాకిట బట్టలు ఉతికే రాతి మీద పోయి కూర్చున్నది.

ఆమెకు సంగతి తెలిసినది. వెంటనే వెళ్ళి ఆ రాతి ప్రక్కనే నేల మీద కూర్చున్నది. “అమ్మా, ఎగతాళికి నవ్వలేదు. నన్ను బువ్వ తినమని పిలిచిన మనిషి మా నాయనమ్మ. ఆమె పోయి ఇరవై రెండేళ్ళయింది. ఆ మాట ఈ ఊళ్ళో వింటానని నేను అనుకోలేదు” అన్నది.

అమ్మ కొంతసేపు పలుకలేదు. తరువాత మెల్లగా, “మరి మీరిప్పుడు ఏమంటారు?” అని అడిగినది.

“మేము అన్నం అంటాము. మా పిల్లలు రైస్ అంటారు.”

ఈమారు నవ్వినది మా అమ్మ. ఆ పిమ్మట వారిద్దరి నడుమ మాకు చోటు లేకపోయినది. విస్తరి ముందు గంటన్నర కూర్చున్నారు. ఆమెది కృష్ణా జిల్లా, కాపురము హైదరాబాదు. పిల్లలిద్దరు తెలుగు మాట్లాడుతారట గాని చదువలేరట. “తెలుగు ఊళ్ళో వుండి కూడానా?” అని అమ్మ ఆశ్చర్యపోయినది. తెలుగు తగ్గిపోవటము ఎల్లలకు ఇవతల వున్న మన గతి మాత్రమేనని మేము ఇన్నాళ్ళు అనుకొన్నాము. రాష్ట్రములు భాషల వారీగా ఏర్పడినపుడు మనము ఈవలి వైపు వుండిపోయినాము గనుక, తప్పు గీతదని చెప్పుకొన్నాము.

ఆళియారు ప్రయాణము ఆ పూట ఆగిపోయినది. ఎండ తగ్గినాక పొన్మలై ఎక్కినాము. పొన్మలై అనగా బంగారు కొండ, పైన వేలాయుధస్వామి. అమ్మ మోకాళ్ళ నొప్పి చేత క్రింది మెట్ల వద్దనే కూర్చున్నది. పై నుండి చూస్తే దక్షిణమున ఆనమల కొండలు, పడమట పాలఘాటు సందు. ఆడి మాసములో వచ్చే గాలి కొండల నడుమ వున్న ఆ సందు గుండానే మా మీదికి వస్తుంది, మలయాళ సీమ వానలోని చల్లదనము కొంత మాకు దక్కుతుంది. ఆమె అక్కడ అరగంట నిలిచినది. తొందర పెట్టేవారు లేరు.

దిగి వచ్చిన తరువాత సదస్సువారు ఇచ్చిన కార్యక్రమ పత్రము వెనుక పెద్ద అక్షరములతో ‘అవ్వ’ అని వ్రాసి, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి ఇచ్చి, “ఇదేమిటో చెప్పు” అన్నది. మా అమ్మాయి అటు ఇటు త్రిప్పి చూచి, “తెలియదు అత్తా” అన్నది. ప్రక్కనే వున్న అవ్వకూ తెలియదు, ఆమె బడికి పోలేదు.

మేము తల వంచుకొన్నాము. ఈ పత్రికకు 11 యేండ్లుగా చందా కడుతున్నాము. ఇంటిలో చదివేది మేమొక్కరమే. మాకు ఈ అక్షరములు బడిలో వచ్చినవి కావు, మా నాయనగారు మిల్లు నుండి అలసి వచ్చి కూడా రాత్రిపూట పలక మీద దిద్దించినారు. మేము మా బిడ్డకు ఆఫీసు అలసట సాకు చెప్పినాము. గీత తప్పు కొంత, మా తప్పు కొంత.

మూడవనాడు సదస్సు మధ్యాహ్నమునకే ముగిసినందున భార్యాభర్తలు ఇద్దరు కలిసి ఆళియారు వెళ్ళినారు. 1960 దశకపు ఆనకట్ట అది, వెనుక వాల్పారై పోయే 40 కొండ మలుపుల దారి. మలుపులు ఎక్కవద్దని, ఆనకట్ట కట్ట మీద పొద్దు క్రుంకువరకు నడవండని చెప్పినాము. అట్లే చేసినారట.

ఇకముందు మీ ఇండ్లకూ ఇటువంటి అతిథులు రావచ్చును. మా అనుభవము చెప్పెదము. రోజుకు ఒక చోటు చాలు. ఉదయము ఒక గుడి గాని, 1902 నాటి గాస్ అటవీ మ్యూజియము గాని చూపండి. మధ్యాహ్నపు భోజనము హోటలులో వద్దు, మీ ఇంటిలో పెట్టండి. ఇంటిలో పెద్దవారు వుంటే దాచకండి, వారి తెలుగును చూచి సిగ్గుపడకండి. వచ్చినవారికి కొండలు వారి సీమలోనూ దొరుకును, ఆ మాట దొరకదు.

అతిథి వెళ్ళిన మరునాటి నుండి రాత్రి భోజనముల తరువాత పావుగంట పలక పట్టుకొంటున్నాము. మా అమ్మాయి ఇప్పుడు ఈ వ్యాసము పేరు కూడబలుక్కొని చదివినది. అచ్చయి వచ్చిన తరువాత తక్కినది అవ్వకు చదివి వినిపించే పని ఆమెకే అప్పగించినాము. ఎన్ని రోజులు పడుతుందో చూడవలెను.