జనసముద్రంలో ఒక చిన్న బండి

సాయంకాలం నాలుగు గంటలు దాటింది. ఫ్లారిడాలోని సెవెన్ సీస్ లగూన్ అనే సరస్సును దాటి వచ్చిన ఓడ రేవును ఆనుకొని ఆగింది. అడ్డుగొలుసు తీయగానే వందలాది జనం ఒక్కపెట్టున ముందుకు కదిలారు. కమ్మీ పక్కన, విద్యుత్తుతో నడిచే చిన్న స్కూటర్ మీద కూర్చున్న డెబ్బయ్యేళ్ళ తెలుగు వృద్ధురాలు మాత్రం కదలలేదు.

“జనాన్ని దిగనీ నాయనా, మనకు తొందరేమున్నది?” అన్నదామె కొడుకుతో.

ఆ మాట అంత నిబ్బరంగా అనడానికి ఆమెకు రెండేళ్ళు పట్టింది.

తెనాలిలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఆమె, అమెరికాలోని కొడుకు ఇంటికి వచ్చిన తొలిసారి కూడా ఇక్కడికి వచ్చింది. అప్పటికే మోకాళ్ళు అరిగి ఉన్నాయి. ప్రవేశద్వారం నుంచి కోట దాకా నడిచేసరికే ఓపిక నశించి, దారిపక్కన ఒక బల్ల మీద కూలబడింది. ఆనాటి పగలంతా ఆ బల్ల మీదనే గడిచింది. మనవడు ఒక్కొక్క వింతా చూసి వచ్చి చెబుతూంటే విన్నది. చక్రాల కుర్చీ తెస్తానని కొడుకు అంటే, “నేనేమన్నా మంచాన పడ్డానా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?” అని కసిరింది.

రెండవసారి ఆమె మనసు మార్చినవాడు మనవడే. “నానమ్మా, కుర్చీ అయితే నాన్న తొయ్యాలి. దీన్నయితే నువ్వే నడపొచ్చు” అన్నాడు వాడు. ఆ ఒక్క భేదమే ఆమెను బండి ఎక్కించింది.

ఈ బండి పుట్టుకకు మూలం కూడా ఆ భేదమే. 1968లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో గొట్టాల పని, ఇళ్ళను వెచ్చబరిచే సాధనాల పని చేసుకునే ఆల్ థీమ్ అనే వ్యక్తి, నరాల వ్యాధితో నడక కోల్పోతున్న తన కుటుంబసభ్యురాలి కోసం దీనిని రూపొందించాడు. స్పానిష్ భాషలో స్నేహితుడని అర్థం వచ్చే ‘అమిగో’ అనే పేరు దానికి పెట్టాడు. పూర్తిగా నడవలేనివారికే గాక, నాలుగడుగులు వేయగలిగి నాలుగు వందల అడుగులు వేయలేనివారికి కూడా ఇది ఊతకర్ర వంటిది. చేతికింద మీట నొక్కితే కదులుతుంది. వదిలితే తనంతట తానే ఆగుతుంది. చాలా బండ్ల మీద వేగాన్ని తగ్గించే వైపు తాబేలు బొమ్మ, పెంచే వైపు కుందేలు బొమ్మ ఉంటాయి. జనం మధ్య నడిపేవారికి ఆ రెంటిలో తాబేలే గురువు.

ఆమె దిగిన చోటు మాజిక్ కింగ్‌డమ్. 1971 అక్టోబరు 1న ప్రారంభమైన వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో మొట్టమొదట వెలసిన ఉద్యానం ఇది. వాల్ట్ డిస్నీ దీనిని కళ్ళారా చూడలేదు. ఆయన 1966 డిసెంబరులోనే కన్నుమూయగా, అన్నగారైన రాయ్ డిస్నీ పూనుకొని పని పూర్తి చేయించాడు. ద్వారం దాటగానే మెయిన్ స్ట్రీట్ అనే వీధి. ఆ వీధి చివర 189 అడుగుల ఎత్తున సిండరెల్లా కోట. 1983 నుంచి క్రిస్మస్ కాలంలో ఎంపిక చేసిన కొన్ని రాత్రులలో ఇక్కడ ప్రత్యేక ఉత్సవం జరుపుతున్నారు. దానికి టిక్కెట్టు వేరు. రాత్రి ఏడు గంటలకు మొదలై అర్ధరాత్రి వరకు సాగుతుంది. మంచు ఎరుగని ఫ్లారిడాలో ఆ రాత్రి మెయిన్ స్ట్రీట్ మీద మంచు కురుస్తుంది. నిజానికది సబ్బు నురుగు. ఆ సంగతి తెలిసినవారు కూడా చేతులు చాచి పట్టుకుంటారు.

నిలబడి నడిచేవాడికి జనసమ్మర్దం ఒక తీరుగా ఉంటుంది. కూర్చుని సాగేవాడికి మరొక తీరుగా ఉంటుంది. బండిమీది మనిషి కళ్ళు ఇతరుల నడుముల ఎత్తున ఉంటాయి. కోట కనబడదు, దారి కనబడదు. కనబడేవి వీపులూ, సంచులూ, పసిపిల్లల తోపుడుబండ్లూను. ఎదుటివారి చూపు కూడా అంత కిందికి దిగదు. అందరూ తలలెత్తి దీపాలను చూస్తూంటారు. బండికీ, ముందు నడిచే మనిషికీ మధ్య మూరెడు ఖాళీ వదిలితే చాలు, అందులోకి ఎవరో ఒకరు అడుగుపెడతారు. దూరం పాటించడం బండి నడిపేవారికి ధర్మం; ఆ దూరమే ఇతరులకు దారి!

ఈ చిక్కును ఆ కుటుంబం మొదటి గంటలోనే గ్రహించింది. కొడుకు ముందు నడిచి దారి చేయడం, కోడలు వెనక నిలవడం, మనవడు చక్రం పక్కన ఉండి “నానమ్మా, ఎడమవైపు పాప వస్తోంది” అని హెచ్చరించడం — ఇలా ముగ్గురూ మూడు దిక్కులు పంచుకున్నారు. మెయిన్ స్ట్రీట్ నడుమ గుర్రపుబండి కోసం వేసిన పట్టాలు ఉన్నాయి. ఆ గాడిలో సన్నని చక్రం పడితే బండి ఒరుగుతుంది. పట్టాలను ఏటవాలుగా గాక, నిట్టనిలువుగా అడ్డం దాటాలని ఆమె ఒకసారి తడబడి నేర్చుకున్నది.

చట్టం చేసిన మేలు కూడా అడుగడుగునా కనిపిస్తుంది. అమెరికాలో 1990లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం తరువాత బహిరంగ స్థలాలలో వాలుదారులు, వెడల్పయిన వాకిళ్ళు, బండి పట్టే మరుగుదొడ్లు తప్పనిసరి అయినాయి. మన దేశంలో 1995లో ఒకటి, 2016లో మరింత విస్తృతమైనది మరొకటి చట్టాలు వచ్చాయి. తిరునాళ్ళకూ పుణ్యక్షేత్రాలకూ పెద్దవారిని తీసుకువెళ్ళిన ప్రతి ఇంటివారికీ, గడప దగ్గర ఒక వాలుదారి ఉండడానికీ లేకపోవడానికీ గల అంతరం ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ప్రతి వింతలోకీ బండి వెళ్ళదు. కొన్నింటిలో స్కూటర్ దిగి మామూలు చక్రాల కుర్చీలోకి మారాలి. మరికొన్నింటిలో దానినీ విడిచి నడవాలి. ప్రపంచ దేశాల బాలల బొమ్మలు పాడుతూండగా పడవలో సాగే ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’ దగ్గర ఆమె స్కూటర్ దిగింది. తొలిసారి తాను వద్దన్న చక్రాల కుర్చీలోనే కూర్చుని పడవ రేవు దాకా వెళ్ళింది. ఈసారి నలుగురూ ఏమనుకుంటారన్న ఆలోచన రాలేదు. పడవ చీకటిలోకి సాగగానే మనవడు ఏదో చెప్పబోయాడు. “నువ్వు చెప్పకు, నన్నే చూడనీ” అన్నదామె.

ఊరేగింపు చూడడానికి బండ్లమీది వారికి ప్రత్యేకంగా కొంత స్థలం కేటాయిస్తారు. ముందు వచ్చినవారికే చోటు. వెంట ఉండేవారి సంఖ్యకూ పరిమితి ఉన్నది. గంట ముందుగానే చేరుకున్నందున వారికి చోటు దొరికింది. బొమ్మ సిపాయిలు కాలు కలిపి నడిచారు. చివరన క్రిస్మస్ తాత వాహనం వచ్చింది. ఆమెకూ ఆ దృశ్యానికీ మధ్య ఒక్క వీపైనా అడ్డురాలేదు.

అసలు పరీక్ష బాణసంచా ముగిశాక వచ్చింది. కోట ముందు నిలిచిన వేల మంది ఒక్కసారిగా వెనుదిరిగారు. మూడు దిక్కులలో ఉన్న ముగ్గురూ చెదిరిపోయారు. కోటను ఫోటో తీస్తూ వెనక్కి నడుస్తున్న ఒక యువకుడు నేరుగా బండిమీదికి వచ్చాడు. ఆమె మీట వదిలింది. బండి అతని మడమకు జానెడు దూరంలో ఆగింది. అతడు తిరిగి చూసి, క్షమాపణ చెప్పి తప్పుకున్నాడు గాని, ఆమె చెయ్యి వణకడం మానలేదు.

జనాన్ని తోసుకుంటూ కొడుకు వచ్చాడు. “అమ్మా, నువ్వు దిగు. ఎలాగో నడిపించుకుపోతాను. బండి తరవాత తెచ్చుకోవచ్చు” అన్నాడు.

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. “దిగితే మళ్ళీ ఆ బల్లే గతి. పక్కకు జరుగు నాయనా, దారి కనపడనీ” అన్నది. తాబేలు బొమ్మ వైపు మీట తిప్పి, ప్రవాహానికి ఎదురు వెళ్ళకుండా, దానితోపాటే కొంత సాగి, ఒక దుకాణం చూరు కిందికి చేరింది. అక్కడ బండి ఆపి తాళం తీసింది. “అరగంట కూర్చుందాం. జనం ఎక్కడికీ పోరు, ఇళ్ళకే పోతారు” అన్నది.

ఆ అరగంట నిర్ణయమే ఆ రాత్రి వారు చేసిన అత్యంత వివేకమైన పని. అనుభవజ్ఞులు చెప్పే సలహా కూడా అదే: వేడుక కాకముందే కదలాలి, లేదా అందరూ కదిలాక కదలాలి. నడుమన కదిలేవాడికే ఇక్కట్లు.

అర్ధరాత్రి సమీపించింది. వీధి పలచబడింది. నురుగు మంచు ఇంకా రాలుతూనే ఉన్నది. ద్వారం వైపు సాగుతూ ఆమె ఒకచోట బండి ఆపింది. రెండేళ్ళ కిందట కూర్చున్న బల్ల అది.

మనవడు అప్పటికే కాళ్ళీడుస్తున్నాడు. “నానమ్మా, నీ ఒళ్ళో కూర్చోనా?” అని అడిగాడు. బండి మీద ఇద్దరు కూర్చోరాదన్నది నియమం.

ఆమె బల్ల వైపు చూపించింది. “అక్కడ కాసేపు కూర్చోరా. నేను కనిపెట్టుకొని ఉంటాను” అన్నది.