నాలుగు దారుల కూడలిలో ఏనుగు పుట్టినరోజు

విజయవాడలో బెంజ్ సర్కిల్ తెలియనివారుండరు. చెన్నై నుంచి కోల్‌కతా పోయే పెద్దరోడ్డూ, హైదరాబాదు నుంచి బందరు పోయే రోడ్డూ అక్కడే ఒకదానినొకటి దాటుకుంటాయి. ఉత్తరానికి పోతే గన్నవరం, ఏలూరు వస్తాయి. దక్షిణానికి పోతే కృష్ణ వంతెన దాటి గుంటూరు చేరవచ్చు. పడమటికి పోతే ఊరి నడిబొడ్డూ, దుర్గమ్మ కొండా, ఆ తరవాత హైదరాబాదు దారీ. తూర్పున పటమట, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటుకుంటూ పోతే చివరకు బందరు, సముద్రం. ఫ్లైఓవరు మీద లారీలు ఉరుముతూ పోతుంటే, దాని కింద ఆటోలు చీమల బారుల్లా తిరుగుతూ ఉంటాయి.

బెంజ్ అనేది ఒక జర్మను ఇంజనీరు పేరు. కార్ల్ బెంజ్ అనే ఆయన 1886లో పెట్రోలు ఇంజనుతో నడిచే బండికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ బండికి మూడే చక్రాలు! కనక ఈ కూడలిలో ఆ పేరుకు అసలు వారసులు కార్లు కావు, మన ఆటోలే అని నేను పిల్లలతో హాస్యానికి అంటూ ఉంటాను. 1888లో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని ఆ బండిలో పుట్టింటికి ప్రయాణం కట్టింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. మధ్యలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే, టోపీకి పెట్టుకున్న పొడుగాటి సూది తీసి, దానితో పొడిచి బాగు చేసుకుందట. చేతికి అందిన వస్తువుతో పని గడుపుకునే తెలివి అటువంటిది. ఈ సంగతి కొంచెం గుర్తుంచుకోండి, ముందు ముందు మనకు పని ఉన్నది.

ఈ కూడలి చుట్టుపక్కల వీధుల్లో ఇప్పుడు పుట్టినరోజు పండుగలు జోరుగా జరుగుతున్నాయి. వాటికి హాళ్ళున్నాయి, కేకుల దుకాణాలున్నాయి, బెలూన్లతో కమానులు కట్టేవారున్నారు. ప్రతి పుట్టినరోజుకూ ఒక ‘థీమ్’ ఉండాలి. అడవి అంటే గోడలన్నీ అడవి. సముద్రం అంటే కేకు దగ్గర నుంచి కుర్చీల గుడ్డల దాకా నీలం. మూడు గంటలలో అంతా అయిపోతుంది. మరో గంటలో అడవి కాస్తా చెత్తబుట్ట చేరుతుంది. హాళ్ళవారిని తప్పుపట్టటానికి లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్ళలో ఇంత పని ఎవరు చెయ్యగలరు? అయితే అలంకరణకు వాడే థర్మోకోలునూ, బెలూన్లకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలనూ, ప్లాస్టిక్ జెండాలనూ మన దేశంలో 2022 జులై 1 నుంచి నిషేధించారు. ఈ సంగతి తెలియనివారు ఇంకా చాలామంది ఉన్నారు.

థీమ్ అనే మాట కొత్తదే గాని, సంగతి మనకు కొత్తది కాదు. సంక్రాంతికి మెట్లు కట్టి బొమ్మల కొలువు పెట్టేవారు ఒక మెట్టు మీద దశావతారాలూ, మరొక దాని మీద పెళ్ళి ఊరేగింపూ, కింద పల్లెటూరూ అమర్చేవారు. ఆడపిల్లలు తాటాకు బొమ్మలకు పెళ్ళి చేసి, లక్కపిడతల్లో గుజ్జనగూళ్ళు వండి, అందరికీ చిటికెడు చిటికెడు వడ్డించేవారు. భోగినాడు చిన్నపిల్లల తలమీద రేగుపళ్ళూ, చెరుకు ముక్కలూ, బంతిపూల రేకులూ, చిల్లర డబ్బులూ కలిపి పోస్తారు కదా! అంతకంటె అందమైన పిల్లల పండుగ ఎక్కడన్నా ఉన్నదా అని నా అనుమానం.

మా మనవడు మే నెలలో పుట్టాడు. మే నెలలో పుట్టినవాళ్ళకు ఒక చిక్కున్నది. మిగతా పిల్లలు పుట్టినరోజునాడు కొత్తబట్టలు కట్టుకుని, బడిలో చాక్లెట్లు పంచిపెడతారు. వీళ్ళకు ఆ రోజున బడే ఉండదు! అందుచేత వాడికి అయిదో ఏడు నిండేరోజు ఇంట్లోనే ఘనంగా చేద్దామనుకున్నాం. ఏం థీమ్ కావాలని వాళ్ళమ్మ అడిగితే, వాడు ఆలోచించకుండా, "ఏనుగు!" అన్నాడు.

ఏనుగు కావలసినవాళ్ళు బెంజ్ సర్కిల్ నుంచి పడమటి దారి పట్టాలి. ఆ దారిలో పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా కొండపల్లి ఉన్నది.

పొద్దున్నే పిల్లలను తీసుకుని బయలుదేరాను. మా వాడూ, పక్క ఇంటి పిల్లలు ముగ్గురూ. దుర్గమ్మ కొండ పక్కన 2020లో తెరిచిన ఫ్లైఓవరు ఎక్కితే, ఎడమచేతివైపు కృష్ణా, 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ కనిపిస్తాయి. భవానీపురం, గొల్లపూడి, గుంటుపల్లి దాటి, ఇబ్రహీంపట్నం దగ్గర కుడివైపుకు తిరగాలి. థర్మల్ విద్యుత్కేంద్రం పొగగొట్టాలు కనబడగానే పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఏ ఇద్దరి లెక్కా కలవలేదు. ఆ వెనక కొండ, కొండమీద రెడ్డిరాజుల కాలం నాటి కోట. ఆ కోటకు వేరే రోజు వెళ్ళాలి. ఎండాకాలంలో పసిపిల్లలతో ఎక్కటం మంచిది కాదు.

ఊళ్ళో బొమ్మల కాలనీ అనే పేటే ఉన్నది. అరుగుల మీద, గుమ్మాల పక్కన, ఎక్కడ చూసినా బొమ్మలు! తాడిచెట్టు ఎక్కుతున్న గీతకార్మికుడు, ఎడ్లబండి, తిరగలి విసిరే ఆవిడ, తల ఊపే బొమ్మ, అంబారీ ఏనుగు. ఒక ముసలాయన గుమ్మంలో కూచుని ఏనుగు చెవి చెక్కుతున్నాడు. మా మనవడు ఆయన ఎదట చతికిలబడి, "తాతగారూ, ఏనుగు ఎక్కడున్నది?" అన్నాడు. ఆయన నవ్వి, తెల్లని చెక్కముక్క ఒకటి వాడి చేతిలో పెట్టాడు. "ఇందులోనే ఉన్నది, బాబూ. ఇంకా బయటికి రాలేదు," అన్నాడు. వాడు ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "బరువే లేదే!" అన్నాడు.

ఆ కొయ్యను తెల్లపొణికి అంటారు. మెత్తగా, తేలికగా ఉంటుంది. దానిని బాగా ఆరబెట్టి, సన్నని సెగమీద తేమ పోగొడతారు. ఒంటినీ, కాళ్ళనూ, చెవులనూ విడివిడిగా చెక్కి, తరవాత అతుకుతారు. అతకటానికి రంపపు పొట్టులో చింతగింజల పిండి కలిపి మక్కు తయారుచేస్తారు. ముక్కూ, చెవీ, మీసమూ తీర్చేది కూడా ఆ మక్కుతోనే. ఆరిన తరవాత సున్నం పూత, దాని మీద రంగులు. కళ్ళు మాత్రం చిట్టచివర, మేకవెంట్రుకల కుంచెతో దిద్దుతారు. ‘కొండపల్లి బొమ్మ’ అనే పేరుకు ప్రభుత్వం వారి భౌగోళిక గుర్తింపు ఉన్నది. మరొక చోట చేసిన బొమ్మను ఆ పేరుతో అమ్మరాదు.

ఆ కొయ్య ఇదివరకు వెనక కొండల మీద కావలసినంత దొరికేదట. ఇప్పుడు అంత తేలికగా దొరకటం లేదు. తెల్లపొణికి చెట్టు తొందరగా పెరిగేది కాదు. చెట్లు తగ్గినట్టే, ఈ పని నేర్చుకునే పిల్లలూ తగ్గుతున్నారు. "మీ మనవడికి నేర్పుతున్నారా?" అని నేను ముసలాయనను అడిగాను. "వాడు ఇంజనీరింగు చదువుతున్నాడండీ," అన్నాడాయన. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో గర్వమూ ఉన్నది, ఇంకొకటీ ఉన్నది. నేను మరేమీ అడగలేకపోయాను. ఒక అంబారీ ఏనుగును కొన్నాం. బేరం ఆడలేదు. రోజంతా కూచుని పని చేస్తే ఎన్ని చెవులు పూర్తవుతాయో కళ్ళారా చూసినవాడికి బేరం ఆడటానికి నోరు రాదు.

ఇంటికి వచ్చాక పిల్లలు ఊరుకోలేదు. "మనమూ ఏనుగు చేద్దాం, తాతయ్యా," అన్నారు. పొణికి కొయ్య మన దగ్గర లేదు, ఉలి పసిపిల్లల చేతికి ఇవ్వరాదు. బెర్తా సూది సంగతి చెప్పాను కదా! ఇంట్లో ఏమున్నదో చూశాం. పాత వార్తాపత్రికలు, ఒక మట్టిముంత, నాలుగు అట్టగొట్టాలు, చింతగింజలు. గింజలు వేయించి, పొట్టు తీసి, దంచి, ఆ పిండిని నీళ్ళలో ఉడికిస్తే చక్కని జిగురు తయారవుతుంది. మా ఇంట్లో ఆవిడ అందులో గుప్పెడు మెంతిపిండి కూడా కలిపింది. పూర్వం ఆడవాళ్ళు కాగితపు గుజ్జులో మెంతిపిండి కలిపి చేటలకూ, బుట్టలకూ పూసేవారు. మెంతి చేదుకు పురుగు చేరదు.

ముంతను బోర్లించి, కాగితం ముక్కలు జిగురులో ముంచి, ఒకదాని మీద ఒకటి ఆరు వరసలు అంటించారు. మెలితిప్పిన కాగితం తొండం అయింది. అట్టముక్కలు చెవులయ్యాయి. మే నెల ఎండకు రెండు రోజులలో డప్పులా ఆరింది. దాని మీద సున్నం నేనే పూశాను. సున్నం కళ్ళలో పడితే ప్రమాదం కనక ఆ పని పెద్దవాళ్ళే చెయ్యాలి. ఏనుగుకు ఒక కన్ను పెద్దదీ, ఒక కన్ను చిన్నదీ అయినాయి. రెండూ మా వాడే దిద్దాడు మరి!

ఇక ఆహ్వానాలు. తెల్లకాగితాలకు తడి పసుపు పూసి ఆరబెట్టాం. వాటి మీద దూదిపుల్లను సబ్బునీళ్ళలో ముంచి రాస్తే, అక్షరాలు ఎర్రగా పొడుచుకువస్తాయి! పసుపులో ఉన్న రంగు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పుట్టినరోజునాడు బామ్మలు దిష్టి తీసే ఎర్రనీళ్ళ రహస్యం కూడా ఇదే. ఆ పళ్ళెంలో ఉండేది పసుపూ, సున్నమూ. అందులో నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపురంగు వస్తుంది. కావలిస్తే చేసి చూడండి.

తూర్పు దారిని కూడా వాడుకున్నాం. ఆ దారిన పోతే బందరు దగ్గర పెడన ఉన్నది. అక్కడివారు కరక్కాయ నీళ్ళలోనూ, పాలలోనూ తడిపి ఆరబెట్టిన గుడ్డమీద చెక్క అచ్చులతో కలంకారీ అద్దుతారు. నల్లరంగుకు వాళ్ళు తుప్పుపట్టిన ఇనుమునూ, బెల్లాన్నీ ఊరబెడతారు! అంతదూరం పోవటానికి వ్యవధి లేక, మేము బెండకాయను అడ్డంగా కోసి అచ్చుగా వాడాం. బెండకాయ ముక్కను రంగులో అద్ది పాత దుప్పటి మీద ఒత్తితే అయిదు రేకుల పువ్వు పడుతుంది. గోడకు కట్టటానికి అంతకన్న ఏం కావాలి?

మా అపార్టుమెంటు కాపలాదారుకు తొమ్మిదేళ్ళ కూతురున్నది. అవనిగడ్డ వైపు నుంచి వచ్చారు వాళ్ళు. ఇంతకుముందు ఎవరింట పుట్టినరోజు జరిగినా ఆ పిల్ల లిఫ్టు దగ్గర నిలబడి చూసేదే గాని, లోపలికి వచ్చేది కాదు. పిలవక కాదు. "వట్టి చేతులతో ఎట్టా పంపమంటారండీ?" అన్నది వాళ్ళమ్మ ఒకసారి. ఆ మాట నా మనసులో మేకులా ఉండిపోయింది. అందుకని ఈసారి పసుపు కాగితం మీద ఇట్లా రాయించాను: ‘కొన్న వస్తువులు తేవద్దు. మీకు చెయ్యటం వచ్చినది ఒకటి చేసి తెండి.’

ఆ రోజున ఒకడు అగ్గిపెట్టెల టెలిఫోను తెచ్చాడు. ఒక పిల్ల కాగితపు కప్ప తెచ్చింది. వెనక నొక్కితే ఎగురుతుంది. ఒకతను మాత్రం, పాపం, ఏమీ చెయ్యటం రాదని గుమ్మంలోనే ఏడుపుమొహం పెట్టాడు. వాళ్ళ నాన్న, "ఇదేం నిబంధనండీ, మాస్టారూ?" అని నామీద కొంచెం విసుక్కున్నాడు కూడా. ఇంతలో కాపలాదారు కూతురు చంకలో కొబ్బరిమట్ట పెట్టుకుని వచ్చింది. మట్ట కింద పడేసి, ఒక ఆకు చీల్చి, ఈనె తీసేసి, సన్నంగా మొదలుపెట్టి వెడల్పుగా చుట్టుకుంటూ పోయి, విడిపోకుండా ఈనెముక్క గుచ్చింది. సన్నని కొసను నొక్కి ఊదితే హాలు దద్దరిల్లింది! పిల్లలంతా ఆమె చుట్టూ మూగారు. ఏడుపుమొహం పెట్టినవాడు అందరికంటె ముందు కూచున్నాడు. "అట్టా కాదు, ఇట్టా చుట్టాలి," అంటూ ఆమె వాడి వేళ్ళు పట్టుకుని చుట్టించింది. బూర తరవాత గిరగిర తిరిగే గిలక, గిలక తరవాత చేతిగడియారం, కళ్ళజోడు. కేకు కొయ్యటం గంట ఆలస్యమయింది.

కేకు మాత్రం మానలేదు. మా వాడు ఒప్పుకోలేదు. కేకు దగ్గర అందరూ పాడే పుట్టినరోజు పాట బాణీ సంగతి చాలామందికి తెలియదు. 1893లో అమెరికాలో హిల్ అనే అక్కచెల్లెళ్ళు, బడిలో పొద్దున్నే నమస్కారం చెప్పుకునే పాటగా దానిని అచ్చువేశారు. చెల్లెలు పసిపిల్లల బడిలో పంతులమ్మ! ఫ్యాను గాలికి ఏనుగు దంతం ఒకటి ఊడి కేకు మీద పడింది. ఎవరూ విచారించలేదు.

సాయంత్రం ముంజలు తిన్నారు. తిన్న తరవాత బుర్రలు పారెయ్యనివ్వలేదు ఆ అమ్మాయి. ఒకే సైజువి రెండు ఏరి, జానెడు పుల్ల ఒకటి ఇరుసుగా రెంటి మధ్యా గుచ్చింది. పంగల కర్రను ఆ ఇరుసుకు ఆనించి తోస్తే బండి పరుగెత్తుతుంది. రోడ్డుమీదికి పోవద్దని చెప్పాం. బెంజ్ సర్కిల్ రోడ్డు పిల్లల బండ్లకు కాదు. అపార్టుమెంటు కింద కార్లు నిలిపే చోటు ఆ సాయంత్రం ఖాళీగానే ఉన్నది. చీకటి పడేదాకా ఏడు ముంజకాయల బండ్లు అక్కడే తిరిగాయి. మర్నాటికి బుర్రలు వాడిపోయాయి. మళ్ళీ ముంజలు కొనక తప్పలేదు.