మొదటి గొలుసు



లేసు అల్లిక అనగానే మన కడప జిల్లా స్త్రీలకు అది గోదావరి జిల్లాల పని అనిపిస్తుంది. నిజమే. పందొమ్మిదవ శతాబ్దంలో నరసాపురం ప్రాంతానికి వచ్చిన మిషనరీ కుటుంబాల స్త్రీలు అక్కడి పేద స్త్రీలకు ఈ పని నేర్పారు. అది ఇంటింటికీ పాకి, సముద్రాలు దాటి అమ్ముడుపోయింది. లండన్ మిషను వారి వలన మన జమ్మలమడుగుకు క్యాంబెల్ ఆసుపత్రి దక్కింది. గోదావరి తీరానికి మిషనరీల వలన లేసు సూది దక్కింది. ఆ సూది మనం మాత్రం ఎందుకు పట్టకూడదని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల స్త్రీలము కొందరము కలిసి అనుకొన్నాము.

మాకు నేర్పినది నరసాపురం వైపు నుండి ప్రొద్దుటూరుకు కోడలిగా వచ్చిన ఒక వదినె. "ఇందులో రెండు సూదులుండవు వదినా, కొక్కెమున్న సూది ఒక్కటే. దానిమీద ఎప్పుడూ ఒక్క ఉచ్చే బ్రతికి ఉంటుంది. అది జారిపోకుండా చూసుకుంటే చాలు" అని ఆమె మొదలుపెట్టింది.

మొదట దారం కొనకు జారుముడి వేసి సూదికి తొడగాలి. ఎడమచేతి చూపుడు వేలిమీదుగా వచ్చే దారాన్ని కొక్కేనికి ఒకసారి చుట్టి, ఆ ఉచ్చులోనుండి ఇవతలికి లాగాలి. ఒక గొలుసు కన్ను తయారవుతుంది. ఇట్లా 21 కన్నులు వేయాలి. ఇప్పుడు సూది దగ్గరి కన్నును వదలి, రెండవ కన్నులో సూది దూర్చి, దారం చుట్టి లాగితే సూదిమీద రెండు ఉచ్చులు నిలుస్తాయి. మరల దారం చుట్టి ఆ రెంటిలోనుండి ఒకేసారి లాగితే ఒక కుట్టు పూర్తి. వరుస చివరికి 20 కుట్లు రావాలి. ఆపైన ఒక గొలుసు కన్ను వేసి, పనిని తిప్పిపట్టుకొని రెండవ వరుస మొదలుపెట్టాలి. పెద్ద పెద్ద లేసులన్నీ ఈ చిన్న కదలిక నుండే పుట్టాయి.

కొత్తవారికి రెండు చిక్కులు వస్తాయి. దారాన్ని బిగబట్టడం వలన కన్నులోకి సూది దూరదు. వరుస చివరి కుట్టు కంటికి ఆనక వదలిపోతుంది; అప్పుడు చదరంగా రావలసిన ముక్క పైకిపోయేకొద్దీ సన్నబడుతుంది. అందుకే ప్రతి వరుసకూ 20 లెక్కపెట్టుకోవాలి. అయినా భయం లేదు. రవికెగుడ్డ తప్పు కత్తిరిస్తే గుడ్డ పోయినట్టే. లేసులో అట్లా కాదు, ఉచ్చు వదలి లాగితే దారమంతా తిరిగి చేతికొస్తుంది. పేదింటి స్త్రీకి ఇది చిన్న మేలు కాదు.

"ఇంత సన్నపనికి నా కండ్లు ఆనవు బిడ్డా" అన్నది జమ్మలమడుగు అవ్వ ఒకామె. వదినె ఆమెకు లావు దారం, లావు సూది ఇచ్చింది. మా అందరిలో సమంగా వచ్చినది ఆ అవ్వ ముక్కే. నేర్చుకొనేవారు ఎవరైనా లావు దారంతోనే మొదలుపెట్టడం మంచిది.

మాలో కొందరికి ఇది కాలక్షేపం కాదు. పులివెందుల వైపు నుండి వచ్చే ఒక చెల్లెలికి భర్త లేడు, ఇద్దరు బిడ్డలు. చెనక్కాయ పనులు అయిపోతే ఆమెకు కూలి ఉండదు. పని కుదిరిన కొన్నాళ్లకు ఒక వ్యాపారి వచ్చి, దారం తానే ఇస్తాననీ ముక్కకు ఇంత అనీ చెప్పాడు. మేము గడియారం చూసి లెక్కవేశాము. ఒక బల్లగుడ్డకు తొమ్మిది సాయంత్రాలు పట్టింది. అతడిచ్చే సొమ్ము ఒక్కరోజు కలుపు కూలికి కూడా సరిపోలేదు.

జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు స్త్రీలను గురించి 1982లో ఒక పుస్తకం ప్రకటించింది. స్త్రీలు తీరికవేళ చేసే పని అని పేరుపెట్టడం వలననే వారికి కూలి దక్కలేదనీ, లాభమంతా వ్యాపారులకు పోయిందనీ ఆమె చూపించింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకు రక్షణ దొరికినంత మాత్రాన అల్లిన చేతికి ధర దానంతట అదే రాదు గదా!

"తక్కువైనా ఇంటిపట్టున వస్తుంది గదా అక్కా" అన్నది ఆ చెల్లెలు. ఆమె మాట తీసివేయదగినది కాదు. చాలాసేపు మాట్లాడుకొన్న తరువాత ఒక మాట మీదికి వచ్చాము. దారం మేమే కలిసి కొంటాము. బట్టల వ్యాపారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరులో దారానికి కొదువ లేదు. ఎవరు ఎన్ని గంటలు అల్లినదీ నోటుపుస్తకంలో వ్రాస్తాము. పొలం కూలి లెక్కకు తగ్గి అమ్మము. ఆ వ్యాపారి మరల రాలేదు. పెండ్లిండ్లకనీ క్రిస్మసుకనీ తెలిసినవారు కొనుక్కొన్నవి కొన్నే. ఆ చెల్లెలికి దానితో ఇల్లు గడవదు. పెద్దబిడ్డ పుస్తకాల ఖర్చు మాత్రం వెళ్లింది.

సహోదరీలారా, మీ ఊరిలో నలుగురు కూడితే ఈ పని నేర్చుకోండి. నేర్పగలవారు నేర్పండి. కన్నులు లెక్కపెట్టడం నేర్చుకొన్న రోజునే గంటలు లెక్కపెట్టడమూ నేర్చుకోండి. కుమార్తెలకు ఆ రెండు లెక్కలూ కలిపి అప్పగించండి.